ఊడిరాని విగ్గు

"కాస్త కదలకుండా కూర్చుంటారా? ఇది తల, బొంగరం కాదు."

కుర్చీలో కుర్రాడు బుద్ధిగా బిగుసుకుపోయాడు. అదీ క్షణంసేపే. మళ్లీ అద్దంలో చూసుకోవాలని మెడ తిప్పాడు, పిన్ను చురుక్కుమంది.

"అబ్బా."

"ముందే చెప్పాను," అంది, జాలీ గీలీ ఏమీ లేకుండా.

సినిమా యూనిట్‌లో అందరూ ఆమెను విగ్గులమ్మాయి అంటారు. తండ్రి దగ్గర పని నేర్చుకుని, సొంతంగా ఒప్పుకున్న మొదటి సినిమా ఇదే. అతనికీ హీరోగా ఇదే మొదటిది. కథలో ఒక కుర్రాడు లేడీస్ హాస్టల్లో ఉద్యోగం కోసం ఆడవేషం వేస్తాడు. తీరా వేశాక, అది వేషం కాదనీ, తను చిన్నప్పటినుంచీ ఆడపిల్లేననీ ఆ పాత్రకు తెలిసొస్తుంది.

విగ్గు కుదరగానే అతను ఫోన్ తీసి తన ఫోటో తీసుకుని ఎవరికో పంపేవాడు. రెండు నిమిషాల్లో ఫోన్లో ఒక ఆడగొంతు వినిపించేది. "నుదురు మరీ కనిపిస్తోంది బంగారం. జుట్టు కాస్త ముందుకు దింపమను."

విగ్గులమ్మాయికి ఒళ్లు మండేది. "ఆవిడగారికి విగ్గులు కట్టడం కూడా వచ్చా?"

"ఆవిడకి రానిదంటూ లేదు," అని మురిసిపోయేవాడు.

జుట్టు ముందుకు దింపితే నిజంగానే బాగుండేది. అది ఇంకా మండేది. ఇంత అందగాడికి ఇంత తెలివైన ప్రేయసి ఉంటే తనకెందుకు ఏడుపు అని తనను తానే తిట్టుకునేది. అయినా దువ్వెన కాస్త గట్టిగానే నడిచేది.

ఒక మధ్యాహ్నం ఆ గొంతు మనిషి రూపంలో మేకప్ గదికే వచ్చింది. పొడుగ్గా, నీలం గౌనులో, చక్కగా సర్దుకున్న జుట్టుతో.

"నువ్వేనా విగ్గులమ్మాయివి? నేను వీడి అక్కని."

అమ్మాయి చేతిలో దువ్వెన ఆగిపోయింది. పప్పులో కాలేశానని ఆ క్షణమే అర్థమైంది.

"చాలా ఏళ్లు వీడికి అన్నయ్యనే," అంది అక్క, తడుముకోకుండా. "నేను అక్కనని చెప్పిన రోజు ఇంట్లో అందరూ గోల చేశారు. వీడు మాత్రం, 'అక్కా, అన్నం పెట్టు' అన్నాడు. అంతే."

"ఆకలేసింది మరి," అన్నాడు తమ్ముడు.

అమ్మాయి నవ్వేసింది. "సినిమా రిలీజయ్యాక మొదటి ఆట మీకే చూపించాలండీ."

అక్క తల అడ్డంగా ఊపింది. "నేను హాలుకెళ్లడం మానేశానమ్మా. తెరమీద మగాడు గౌనేసుకుని కనిపిస్తే చాలు, జనం పడీపడీ నవ్వుతారు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాక, మిగిలిన నవ్వు నన్ను చూసి నవ్వుతారు."

"దీన్ని మాత్రం నువ్వు చివరిదాకా కూర్చుని చూస్తావు," అన్నాడతను. "ఈ సినిమా ఒప్పుకున్నదే అందుకు."

అతని గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు. విగ్గులమ్మాయి మనసు అక్కడే జారిపోయింది.

అంతా బాగానే సాగుతోందనుకుంటే, క్లైమాక్స్‌కి ముందు డైరెక్టర్ ఒక కొత్త సీను కలిపాడు. పార్టీలో అందరి ముందు కమెడియన్ లాగగానే హీరో విగ్గు ఊడిపోవాలి.

"జనం ఒక్కసారైనా కడుపుబ్బ నవ్వాలి కదా. చెయ్యి తగలగానే వచ్చేయాలమ్మా," అన్నాడు ఆమెతో. కుర్రాడు వద్దని బతిమాలాడు. "ఇష్టం లేకపోతే చెప్పు, వేరేవాణ్ని చూసుకుంటా," అన్నాడాయన.

అతను వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "అక్కని సినిమాకి రమ్మనను. ఇది కూడా అన్నిటిలాంటిదే అయింది."

ఆమె జిగురు డబ్బా తీసి నుదుటిమీద, చెవుల వెనక, మెడ చుట్టూ గట్టిగా పట్టించి, విగ్గు తొడిగి అరచేత్తో అదిమింది.

"ఇవాళ కదలొద్దని తిట్టలేదేం?"

"ఇవాళ ఎంత కదిలినా ఫరవాలేదు."

కెమెరా తిరిగింది. కమెడియన్ విగ్గు లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. విగ్గుతో పాటు కుర్రాడూ వచ్చాడు గానీ విగ్గు రాలేదు. నొప్పికి అతని కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పాత్ర వదలకుండా, కమెడియన్ చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"నా జుట్టు వదలండి. నొప్పిగా ఉంది."

పడీపడీ నవ్వాల్సిన పార్టీ జనం బొమ్మల్లా నిలబడ్డారు. డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు.

తేరుకుని ఆమెవైపు తిరిగాడు. "ఎందుకు ఊడలేదు?"

"నేనే జిగురుపెట్టానండి. ఊడకూడదని." ఆమె జిగురు డబ్బా చూపించింది. "నన్ను పంపించేయండి, ఫరవాలేదు. ఆ షాట్ మాత్రం ఉంచండి."

ఆయన మానిటర్లో షాట్ చూశాడు. మళ్లీ చూశాడు. "షాట్ ఉంటుంది. నువ్వూ ఉండు. మళ్లీ ఇలాంటిది చేస్తే మాత్రం ముందు నాకు చెప్పి చెయ్యి," అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

జిగురు వదిలించడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరిలో ఎవరికీ తొందర లేదు.

"ఉద్యోగం పోయేది మీకు."

"తెలుసు."

"నాకోసమా?"

"మీ అక్కకోసం."

"రవ్వంతైనా నాకోసం కాదా?"

ఆమె దూదితో జిగురు తుడుస్తూనే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అద్దం ఎదురుగానే ఉంది కాబట్టి అతను చూడనే చూశాడు.

మొదటి ఆటకి ముగ్గురూ వెళ్లారు. లేచిపోవడానికి వీలుగా అక్క వరసలో చివరి సీటు ఏరుకుంది. ఆ సీను రాగానే తమ్ముడు తెర చూడటం మానేసి అక్కనే చూశాడు. వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుకి తోడు దొరకలేదు. "నా జుట్టు వదలండి" అన్న మాటకి హాలంతా నిశ్శబ్దమైంది. అక్క కదలలేదు.

ఆట అయిపోయి లైట్లు వెలిగాయి. అక్క తల దించుకోలేదు. పక్కనుంచి ఒక ముసలావిడ, "కొంచెం దారివ్వమ్మా," అంది. అక్క కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. ఆవిడ కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది.

 అక్క తమ్ముడి భుజం తట్టింది. "ఒరేయ్, రోజూ నా చెవి కొరికే ఆ ముక్క ఈ పిల్లకి చెప్పావా?"

అతను సీటు కింద చెప్పుల కోసం వెతకసాగాడు.

"చెప్పలేదండి," అంది విగ్గులమ్మాయి. "ఎప్పుడు చెబుతాడా అని చూస్తున్నాను."

"చెప్పుకోండి అయితే," అంటూ లేచింది అక్క. "నేను వెళ్లి తర్వాతి ఆటకి ముగ్గురికీ టికెట్లు తెస్తాను."