పట్టా రాకుండా టవరెక్కితే

“టవరెక్కుదామా?” అంది ఎలెట్రా, తల వెనక్కి వాల్చి అసినెల్లి టవర్ కొస వైపు చూస్తూ.

ఫుల్వియో రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇటలీలో, ఈ బొలోన్యా ఊళ్లో చదువుకునే వాడెవడూ పట్టా చేతికి రాకముందు ఆ టవరెక్కడు. ఎక్కితే ఇక జన్మలో పట్టా రాదట. ఫుల్వియోకేమో సోమవారమే మెడిసిన్ ఆఖరి పరీక్ష, పాసైతే ఆ సాయంత్రమే పట్టా. పోనీ ఆ మాటే చెప్పేద్దామా అంటే, పోయిన నెల ట్రియెస్టేలో స్నేహితుడి పెళ్లిలో ఈ పిల్లని చూశాడుగా! నల్లపిల్లి ఎదురొచ్చిందని కారు ఆపించిన పెళ్లికొడుకుని చూసి పడీపడీ నవ్వింది. డాక్టర్ కాబోయేవాడు టవర్‌కి భయపడుతున్నాడంటే ఊరుకుంటుందా? అసలే ఒక్కరోజు కోసం ట్రియెస్టేలో రైలెక్కి అంతదూరం నుంచి వచ్చింది. మనసులో మాట ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

“మోకాలు నొప్పి,” అన్నాడు.

“పొద్దున్నుంచీ గంతులేస్తూనే ఉన్నావుగా?”

“ఇప్పుడే మొదలైంది.”

“పాపం. కుడిదా, ఎడమదా?”

“రెండూ,” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఇంతలో వాన మొదలైంది. పరుగెత్తి వరండా కిందికి చేరారు. ఎలెట్రా జుట్టు విదిలించి, ఓరగా చూసింది. ఆ చూపుకి మామూలుగా అయితే పొంగిపోయేవాడే, ఇప్పుడు మాత్రం వాన వైపు తిరిగిపోయాడు.

“నిజం చెప్పు. పైన ఎవరితోనో తీపి జ్ఞాపకాలున్నాయి కదూ?”

“ఒట్టు! నేనసలు ఎప్పుడూ ఎక్కనేలేదు!”

“పుట్టి పెరిగిన ఊళ్లో టవర్ ఒక్కసారీ ఎక్కలేదా? అబద్ధమైనా అతికేట్టు చెప్పాలి బాబూ!”

నిజం చెప్పినా నమ్మదేం ఈ పిల్ల! ఫుల్వియో తల పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దోరీనా అత్త హోటల్‌కి తీసుకెళ్లాడు. వేడి వేడి కోడి రసంలో తేలుతున్న, మాంసం కూరిన బుల్లి కజ్జికాయల్లాంటి తోర్తెల్లీనీ తింటూ ఎలెట్రా అత్తని తెగ మెచ్చుకుంది. అతనితో మాత్రం ఒక్క మాట లేదు. గిన్నె ఖాళీ అయ్యాక తీరిగ్గా అంది.

“రాత్రి రైలు దాకా ఎందుకులే. సాయంత్రం బండికే వెళ్లిపోతాను.”

ఈ పిల్ల ఇలా వెళ్లిపోయాక పట్టా వచ్చి ఏం లాభం? ఫుల్వియో చెంచా పక్కన పెట్టాడు. ఒక్కసారిగా భయమంతా ఎగిరిపోయింది.

“లే. టవరెక్కుదాం.”

“మరి మోకాళ్ల నొప్పులో?”

“తగ్గాయి.”

అత్త చేతిలో గరిటె కింద పడింది.

“ఒరేయ్, నీకు మతిగానీ పోయిందా? సోమవారం పరీక్ష పెట్టుకుని టవరెక్కుతావా? ఎక్కితే ఇక పట్టా వచ్చినట్టే! మీ మామయ్య ఎక్కబట్టే కదరా, వకీలు కావాల్సినవాడు నా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు!”

“నిజమేరా అబ్బాయ్!” వంటింట్లోంచి మామయ్య గొంతు వినిపించింది.

ఎలెట్రా నోరు తెరిచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఫుల్వియో అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు.

“పరీక్ష మళ్లీ రాయొచ్చు అత్తా. ఈ అమ్మాయి వెళ్లిపోతే మళ్లీ రాదు,” అని వానలోకి దిగాడు.

టవర్ మొదటి మెట్టు మీదికి కాలెత్తాడో లేదో, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. ఎలెట్రా! నిలువునా తడిసి ఆయాసపడుతోంది.

“దిగు! కాలు వెనక్కి తియ్యి!”

“నువ్వేగా ఎక్కుదామన్నావు?”

“అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. ముందే చెప్పొచ్చుగా మొద్దూ!”

“నవ్వుతావని. నువ్విలాంటివి నమ్మవుగా?”

“నా విషయంలో నమ్మను.” ఎలెట్రా చొక్కా వదల్లేదు. “నీ విషయంలో నాకంత ధైర్యం లేదు.”

ఫుల్వియోకి ఆ మాట చాలు.

“నువ్వంటే నాకు ప్రాణం ఎలెట్రా. పెళ్లిలో చూసినప్పట్నుంచీ.”

“తెలుసులే. రెండు మోకాళ్లూ ఒకేసారి నొప్పెట్టిన మనిషిని ఇంకెక్కడ చూస్తాను?” అంటూ అతని చెయ్యి పట్టుకుంది. “సోమవారం పాసవ్వు. మంగళవారం వస్తాను, ఇద్దరం కలిసి ఎక్కుదాం.”

“పాసవ్వకపోతే?”

“అప్పుడూ మంగళవారమే వస్తాను. కింద నిలబడి చూద్దాం.”