ముందు మీ ఎద్దుకు

ముదిగుబ్బ దారిలో ఆగిన జీపులో సైంటిస్ట్ హరినాథ్ స్టీరింగ్ మీద వాలి ఉన్నాడు. కణతలో బుల్లెట్. ఆవుల పొదుగులకు పులిపిర్లు రాకుండా ఆయన తయారుచేసిన వ్యాక్సిన్ పెట్టె వెనక సీట్లో భద్రంగా ఉంది.

"చంపినవాళ్లు పెట్టె వదిలి పోయారేంటి సార్?" ఏజెంట్ జోయల్ ఫోన్లో అడిగాడు.

"అదే నా భయం," అన్నాడు చీఫ్. "ఈ మందు ట్రయల్ ఫెయిలైతే, ఇలాంటిదే అమ్మే విదేశీ ముఠా దగ్గర మనం కొనాలి. ఈ రూట్ మనవాళ్లకే తెలుసు. పెట్టె తీసుకుని వెళ్లు. ట్రయల్ జరిగే తనకల్లు దగ్గర పల్లెలో ఏజెంట్ మౌనిక కలుస్తుంది. డాక్టరమ్మ వేషం. ఆమె సొంతూరే, అక్కడ అందరూ ఆమెను పశువుల డాక్టరనే అనుకుంటారు. కళ్లు తెరుచుకుని ఉండు."

వేరుశనగ ఎండిపోయి, పాలే దిక్కైన పల్లె అది. మారెక్క ఆవు చన్నులు పులిపిర్లతో పగిలిపోయాయి, చెయ్యి వేస్తే తన్నుతోంది. మిగిలిన ఆశ ఒక్క పెయ్య.

"దీనికీ అంటుకుంటే నా బతుకు మన్నేనప్పా," అంది, అసిస్టెంట్ వేషంలో ఉన్న జోయల్‌తో.

నల్లద్దాలు, పట్టు స్కార్ఫ్‌తో మౌనిక కారు దిగింది.

"ఉరవకొండలో వానొచ్చిందా?" అన్నాడు జోయల్.

"మబ్బుంది, చినుకు లేదు."

కోడ్ సరిపోయింది. జోయల్ వాచీలోని స్కానర్ కూడా, అతను తెచ్చిన పెట్టెలోని సీసాల సీళ్లు అసలువేనని పచ్చలైటు వెలిగించింది. మౌనిక సిరంజి నింపి పెయ్య దగ్గరికి నడిచింది.

మారెక్క అడ్డం నిలబడింది. "ఆగు తల్లీ. అప్పుడెవరో మందేసి పోతే గొర్రెలు రాలిపోయినాయి. అప్పట్నించి ఈడ మందు తెచ్చినోళ్ల గొడ్డుకే ముందు సూది. మీ నాయన ఎద్దుకెయ్యి."

"నేను డాక్టర్‌ని మారెక్కా!"

"అయితే ఇంకా మంచిది."

తండ్రి ఎర్రన్న గర్వంగా ఎద్దును తోలుకొచ్చాడు. దూడప్పుడు తల్లి చచ్చిపోతే, మౌనికే పాలు పట్టి పెంచిన ఎద్దు. ఆమె చేతిలో సిరంజి ఆగింది. దాన్ని పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగ్ లోంచి ఇంకో సీసా తీసింది.

"ఏం మేడమ్, పెట్టెలో మందు మీ ఎద్దుకు పనికిరాదా?" అన్నాడు జోయల్.

ఆమె ముఖం పాలిపోయింది. ఆ ముఠా కోసం హరినాథ్‌ను చంపింది, అసలు సీళ్లే వేసి సీసాలు మార్చింది ఆమే. పెట్టెలో ఉన్నది బతికున్న వైరస్. ఒక్క గొడ్డుకు అంటినా ట్రయల్ సర్వనాశనం. ఆమె మొదటి సిరంజి లాక్కుని పెయ్య మీదికి దూకింది.

సూది వెంట్రుకలను తాకుతుండగా ఎర్రన్న చేతికర్ర కూతురి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

అసలు వ్యాక్సిన్ ఆమె కారు డిక్కీలో, ఐసుపెట్టెలో దొరికింది. బేడీలతో ఆమెను తీసుకుపోతుంటే ఎర్రన్న తల తిప్పలేదు. ఎద్దు మెడ నిమురుతూ అట్లే నిలబడ్డాడు.

మారెక్క పెయ్య పగ్గం జోయల్ చేతిలో పెట్టింది. "ఏమప్పా, డాక్టరమ్మను పట్టుకపోతిరి. సూదెవరేస్తారు? నువ్వే ఎయ్యి."

ట్రైనింగ్‌లో జోయల్‌కు తుపాకులన్నీ నేర్పారు. గొడ్డుకు ఏ పక్క నిలబడితే తన్నదో మాత్రం ఎవరూ చెప్పలేదు.