కందిరీగ ఇంటి విందు

కందిరీగ వాకిట్లోకి వచ్చేసరికి వరండా కింద నుంచి రెండు బూట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ ఇల్లు పాతకాలపు చెక్క ఇల్లు. నేలకు మోకాలెత్తున లేపి కట్టారు. ఆ సందులోకి కుక్క దూరుతుంది, అప్పుడప్పుడు కోళ్ళు దూరుతాయి. బూట్లు తొడుక్కున్న మనిషి దూరడం ఆమె ఎన్నడూ చూడలేదు.

చేతిలో ఉన్న గుర్రాల బ్రష్షుతో బూటు మీద టకటకా కొట్టింది.

"ఎవరది? బయటికి రా."

ముందు మోకాళ్ళు వచ్చాయి, తర్వాత మట్టికొట్టుకుపోయిన చొక్కా, చివరికి జుట్టు నిండా సాలెగూడుతో ఒక ముఖం. ముఖం బాగానే ఉంది. అది ఆమెకు ఇంకాస్త చిరాకు తెప్పించింది.

"మీ వదిన తమ్ముణ్ణండి, ఇంజనీరుని. పెళ్ళికి రాలేకపోయాను. అక్కతో పాటు ఇప్పుడే వచ్చాను," అన్నాడతను టార్చి ఆర్పుతూ. "రేపు హాల్లో అందర్నీ కూర్చోబెట్టకండి. కింద దూలాలు చెదపట్టాయి."

"ఇప్పుడే వచ్చి అప్పుడే మా ఇంటికి జబ్బు కూడా కనిపెట్టేశారన్నమాట."

"హాల్లో అడుగు పెట్టగానే చెక్క నేల మూలిగింది. అందుకే దూరాను."

"మీ బరువుకి మూలిగి ఉంటుంది."

ముక్కు మీద కోపం వల్లే ఆమెకు కందిరీగ అని పేరు పడింది. తాత పెట్టిన ఆ గుర్రాల ఫారాన్ని నాన్న వదిలేద్దామన్నప్పుడు, పంతం పట్టి నిలబెట్టింది ఆమే. గుర్రాల్ని పెంచుతుంది, స్వారీ నేర్పుతుంది. ఏటా సెలవులకి చుట్టాలంతా పెద్దత్త బంగళాలో కలుస్తారు. ఈసారి మా ఇంటికి రండి అని కందిరీగ పిలిస్తే, "ఆ కొట్టంలోకా?" అని పెద్దత్త నవ్వింది. ఆ నవ్వు గుండెల్లో ముల్లులా దిగింది. అప్పటినుంచీ ఆమె ఆ హాలుని కడిగి, తుడిచి, పాలిష్ పెట్టి అద్దంలా చేసింది. రేపు నలభై మంది వస్తున్నారు.

"ఆ టార్చి ఇటివ్వండి," అని, అతని స్క్రూడ్రైవర్ కూడా లాక్కుని తనే ఇంటి కిందికి దూరింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దూలంలోకి వెన్నలో దిగినట్టు దిగింది. ఇంకో దూలం. అదీ అంతే.

బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు ఆమె జుట్టుకీ సాలెగూడే.

"అయితే అత్తకి ఫోన్ చేసి, మీ బంగళాకే వస్తాం, కొట్టం కూలేలా ఉందని చెప్పాలి. అంతేగా?"

"నేనామాట అనలేదు," అన్నాడు ఇంజనీరు. "హాలు ఒక్కటే వద్దన్నాను. మిగతా గదులకి ఢోకా లేదు. వస్తూ మీ గుర్రాల శాల చూశాను. మీ తాతగారు వేయించిన ఆ స్తంభాలకి ఏనుగుల్ని కట్టినా కదలవు."

"మా అత్త గుర్రాల శాలలో భోంచేస్తుందా?"

"మీరు పిలిచే తీరుని బట్టి ఉంటుంది."

కందిరీగ శాల వైపు చూసింది. అటు నుంచి ఇంటి వైపు చూసింది. తాత బరువైన కలపతో చేయించిన తలుపులు వరసగా కనిపించాయి.

"బల్లలు చాలవు. తలుపులు ఊడదీద్దాం," అంది.

ఈసారి ఇంజనీరు నోరెళ్ళబెట్టాడు.

సాయంత్రానికల్లా గుర్రాలు బయటి కంచెలోకి వెళ్ళాయి. శాల కడిగారు. నాన్న తలుపుల మడతబందులు విప్పాడు. గడ్డిమోపుల మీద తలుపులు పరిచారు, వాటి మీద వదిన తెల్లటి గుడ్డలు కప్పింది.

"స్క్రూలు జాగ్రత్తండీ, మళ్ళీ బిగించాలి," అన్నాడు ఇంజనీరు.

"బిగించేది మీరే."

"అంటే ఉండమంటున్నారా?"

"తలుపులు బిగించేదాకా," అని ఆమె ముఖం తిప్పుకుంది. నవ్వు కనపడకూడదని.

మర్నాడు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి వెనకే వాన వచ్చింది. అందరూ శాలలోకి పరుగెత్తారు. రేకుల మీద వాన దరువు వేస్తుంటే, లోపల పిల్లలు కేరింతలు కొట్టారు. చూరు కిందికి చేరిన గుర్రాలు కిటికీల్లోంచి మెడలు లోపలికి చాచాయి. పెద్దత్త ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే వచ్చింది. కాసేపటికి ఆ రుమాలు ఎక్కడో పడిపోయింది, ఆమె చేతిలో గుర్రానికి పెడుతున్న క్యారెట్ ఉంది.

"హాలు ఏమైందే?" అని అడిగింది.

కందిరీగ దాచలేదు. "చెదపట్టింది అత్తా. బాగుచేయిస్తాను. మిమ్మల్ని మాత్రం వెనక్కి పంపదలుచుకోలేదు."

పెద్దత్త బల్ల పొడవునా చూసింది. ఏటా బల్ల చివర పెద్ద కుర్చీ ఆమెదే. నాన్న ఇక్కడా చివరి కుర్చీని ఆమె కోసం వెనక్కి లాగాడు. ఆమె కూర్చోలేదు.

"అది ఇంటావిడ కుర్చీరా తమ్ముడూ. నేను ఇవాళ చుట్టాన్ని," అని పక్కకి జరిగింది. "కూర్చోవే."

కందిరీగ కూర్చుంది. నలభై ముఖాలు ఆమె వైపు తిరిగాయి. తాత ఇంట్లో, తాను నిలబెట్టిన ఇంట్లో, తల ఎత్తుకుని "వడ్డించండి" అంది.

భోజనాలయ్యాక, హాలు వదిలేసి ఇంట్లో మిగతా గదుల్లో కాఫీలు. కందిరీగ వెనక గదిలో కప్పులు తీస్తుంటే ఇంజనీరు వచ్చి నిలబడ్డాడు.

"నిన్న మీరు ఆ దూలం చూసి ఏడుస్తారనుకున్నాను. తలుపులు ఊడదీద్దామన్నారు. అప్పటినుంచీ నాకు మతి కుదురుగా లేదు," అన్నాడు. "తలుపులు బిగించాక కూడా ఉండాలనుంది. మీకు ఇష్టమైతే, ఎప్పటికీ."

కందిరీగ చేతిలోని కప్పుని సాసర్ మీద పెట్టి అతని వైపు తిరిగింది.

ముందు గదిలో మాటలన్నీ ఆగిపోయాయని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. ఇంట్లో ఒక్క తలుపూ లేదు మరి.

"కాస్త గట్టిగా చెప్పు బాబూ," పెద్దత్త గొంతు వినపడింది. "మీ మామయ్యగారికి సరిగ్గా వినపడలేదట."

నవ్వులు ఘొల్లుమన్నాయి. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. కందిరీగ గుమ్మంలోకి నడిచి అందరి ముందూ నిలబడింది.

"నా ఇంట్లో లోపం ఉందని నా ముఖం మీదే చెప్పి, పోకుండా నిలబడ్డ మనిషి ఇతనే. నాకు ఇష్టమే అత్తా."

నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వదిన పకపకా నవ్వింది.

"నాకు చెప్తావేంటే," అంది పెద్దత్త. "వెళ్ళి అతనికి చెప్పు."

ఆమె వెనక్కి తిరిగి వెళ్ళింది. అతని చెవి దగ్గరికి వంగి, ముందు గదిలో ఎవరికీ వినపడకుండా చెప్పింది.