జతలో రెండోది

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరూ నిదానం అంటారు. కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది. ఏ యంత్రం తెచ్చి ముందు పెట్టినా దాని చుట్టూ ఓసారి తిరిగి చూస్తాడు, మూత విప్పి దుమ్ము ఊదుతాడు, ఆ తరవాత టీ తాగుతాడు, అప్పుడు గానీ పని మొదలుపెట్టడు. "పొద్దున ఇస్తే సాయంత్రానికి మూత తీస్తాడు" అని ఎగతాళి చేసేవాళ్లు కూడా, పెళ్లి ఫొటోలు ఎగిరిపోయిన రోజున లబోదిబోమంటూ అతని దగ్గరికే పరిగెత్తుకొస్తారు. డిస్కులో దేన్నైనా చెరిపే ముందు మూడుసార్లు అడిగే మనిషి. అతని చేతుల్లో ఇంతవరకు ఎవరి ఫైలూ పోలేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకోడు గానీ, ఎవరైనా అంటే మాత్రం కాదనడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య కంప్యూటర్ లేవడం లేదు. నీలం తెర వచ్చి ఆగిపోతోంది. పాపవి దాంట్లోనే ఉన్నాయి కదా. ఒక్కసారి వచ్చి చూడు."

పాపవి అంటే ఏమిటో నిదానానికి తెలుసు. అన్న పోయి ఏడాది దాటింది. ఊపిరితిత్తుల జబ్బు. ఇంక ఎక్కువ కాలం లేదని డాక్టర్లు తేల్చాక, ఆయన ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చుని, కూతురి ఒక్కో పుట్టినరోజుకి ఒక్కో రికార్డింగ్ చేసి పెట్టాడు. పాప పెళ్లీడుకొచ్చేదాకా సరిపడా. ముందే వినేయనని వదిన చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఇప్పటికి పాప విన్నది ఒక్కటే. ఎల్లుండి రెండోది వినాలి.

వాటికి వేరే కాపీ లేదు. అన్న దేన్నైనా రెండు చేసి పెట్టుకునే మనిషి. తాళంచెవులు రెండు, కళ్లద్దాలు రెండు, కంప్యూటర్‌లో డిస్కులూ రెండు. ఆ రెండింటినీ జత చేశాడు. ఒకదాని మీద ఏం రాస్తే రెండోదాని మీదా అదే పడుతుంది, ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. అంత జాగ్రత్త చూశాక ఇంకో కాపీ ఎందుకులే అని నిదానం కూడా ఊరుకున్నాడు.

అన్న గదిలో ఎండ పడకుండా కర్టెన్లు వేసి ఉన్నాయి. మందుల వాసన ఇంకా గోడల్ని వదల్లేదు. పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. బాబాయ్ రాగానే, "నాన్నని బాగుచేస్తావా?" అని అడిగింది. వదిన ముఖం పక్కకు తిప్పుకుంది.

"కంప్యూటర్‌ని బాగుచేస్తానమ్మా" అన్నాడు నిదానం.

మూత విప్పాడు. లోపల ఒక్కటే డిస్కు ఉంది. రెండోది ఉండాల్సిన చోటు ఖాళీ. దాని కేబుల్ ఊరికే వేలాడుతోంది. పాడైపోయి ఉంటుంది, అన్నే తీసి పారేసి ఉంటాడు అనుకున్నాడు. వదిన వంటింట్లో టీ పెడుతోంది. పిలిచి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

తను తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి దానితో కంప్యూటర్‌ని లేపాడు. డిస్కులేవీ కనబడలేదని తెర చెప్పింది. నిదానం కంగారు పడలేదు. ఇలాంటివి రోజూ చూసేవే. డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య కంట్రోలర్ ఒకటి ఉంటుంది. దాని భాష తెలిసిన దుబాసీ లాంటిది డ్రైవర్. సరైన డ్రైవర్ ఎక్కించకపోతే డిస్కు కళ్లెదురుగా ఉన్నా కంప్యూటర్‌కి లేనట్టే. ఆ బోర్డుకి పనికొచ్చేవి అతని పెన్‌డ్రైవ్‌లో రెండున్నాయి. ఒంటరి డిస్కుకి ఒకటి, జత డిస్కులకి ఒకటి. వదిన తెచ్చిన టీ పూర్తయ్యేదాకా ఆలోచించి, అన్న జతగా పెట్టాడు కాబట్టి జతదే ఎక్కించాడు.

తెర మీద రెండు వరసలు వచ్చాయి. మొదటి డిస్కు, బాగుంది. రెండో డిస్కు, బాగుంది.

నిదానం వంగి డబ్బాలోకి చూశాడు. ఒక్కటే ఉంది. నవ్వొచ్చింది. పాత కంట్రోలర్ కదా, పోయినదాన్ని కూడా ఇంకా లెక్కలో వేసుకుంటోంది అనుకున్నాడు. అంతలో ఇంకో ప్రశ్న వచ్చింది. జతలో రెండు డిస్కులూ ఒకేలా లేవు, ఒకేలా చేయమంటారా అని.

మామూలుగా అయితే అతను అక్కడ ఆగేవాడు. ఏ డిస్కులోది ఏ డిస్కులోకి పోతుందో తేల్చుకోకుండా ఆ మీట నొక్కకూడదని కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి తనే చెబుతాడు. కానీ ఇక్కడ రెండో డిస్కే లేదాయె. లేనిదాన్నుంచి ఏం వస్తుంది, దాని మొహం! అవును అని నొక్కాడు.

డిస్కు ఒక్కసారి గట్టిగా కదిలింది.

రెండో డిస్కు నుంచి మొదటి డిస్కుకి... నూటికి ఒకటి పూర్తయింది.

నిదానం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రెండు పూర్తయింది. మూడు. ఆపు అన్నచోట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. అది తన పని తను చేసుకుపోతోంది. డబ్బా లోపలి ఫ్యాను గాలి అతని ముఖానికి తగిలింది. వేడిగా ఉండాల్సిన గాలి చల్లగా ఉంది. దానితో పాటు ఒక వాసన. తడిసిన మట్టి వాసన. వాన పడ్డప్పుడు వచ్చే కమ్మని వాసన కాదు... బాగా లోతుగా తవ్వినప్పుడు వచ్చేది.

"వదినా" అన్నాడు మెల్లగా. "ఇలా రండి. రెండో డిస్కు ఎక్కడుంది?"

ఆమె పాప వైపు చూసింది. దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"ఆయన దగ్గరే ఉంది."

"అంటే?"

"పోయే ముందు తనే విప్పి నా చేతిలో పెట్టారు. ఒకటి మీకు, ఒకటి నాకు అన్నారు. పెట్టెలో పెట్టి పూడ్చేటప్పుడు ఆయన చొక్కా జేబులో పెట్టాను. నువ్వు నవ్వుతావని చెప్పలేదు."

నిదానం నవ్వలేదు. అంకె ఇరవై దాటింది.

అప్పుడు తోచింది... ఉన్నవాటినైనా తీసేసుకోవాలి. గబగబా ఫైళ్లు తెరిచాడు. అన్న పెట్టిన పేర్లు అలాగే ఉన్నాయి. పాపకి ఆరో ఏడు, అది విన్నదే. పాపకి ఏడో ఏడు, ఎల్లుండి వినాల్సింది. పాపకి ఎనిమిదో ఏడు. అలా కింది దాకా. ఏడో ఏడుది పెన్‌డ్రైవ్‌లోకి లాగి, ఒట్టు సంగతి మరిచిపోయి, వినిపించాడు.

మాటల్లేవు. మూసేసిన చోట ఉండే ఒక బరువైన నిశ్శబ్దం. అందులో, ఆగి ఆగి... గోరుతో చెక్కని గీకినట్టు ఏదో చప్పుడు. ఆ వెనక ఊపిరి. పీల్చుకోవడానికి గాలి చాలనట్టు, ఈలలా.

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆయనే" అంది. "ఆఖరి రోజుల్లో అచ్చం అలాగే తీసుకునేవారు."

ఎనిమిదో ఏడుది తీశాడు. అదే. తొమ్మిది. అదే. మధ్యలోవన్నీ దాటేసి అడుగునున్నది తీశాడు. అందులో మాత్రం ఒక్క క్షణం అన్న గొంతు, నవ్వుతూ, "ఏమ్మా, నాన్నంత ఎత్తు..." అని వినబడి, ఆ మాట పూర్తి కాకముందే దాన్నీ ఆ నిశ్శబ్దం మింగేసింది. కళ్ల ముందే పోయింది. అన్న రక్తం కక్కుకుంటూ, ఆయాసపడుతూ కూడబెట్టిన మాటలు... తన వేలితో తనే తుడిచేస్తున్నాడు. నిదానానికి ఏడుపొచ్చింది.

ప్లగ్గు పీకేశాడు.

తెర ఆరిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. గదిలో పాప రంగు పెన్సిలు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అతను ఊపిరి పీల్చుకోబోయి, ఆగాడు. డబ్బా లోపల చిన్న దీపం... ఇంకా మినుకుమంటోంది. డిస్కు మీద చెయ్యి వేశాడు. తిరుగుతోంది. కరెంటు లేదు... తిరుగుతోంది. దాని కేబుళ్లు కూడా ఊడబీకాడు. దీపం మినుకుమంటూనే ఉంది.

ఇంక ఏం పీకాలో అతనికి తెలియలేదు. ఇన్నేళ్ల అనుభవంలో ఈ తరవాత చేసేది ఏమీ లేదు. వదిన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. చాలాసేపటికి ఆ దీపం ఆగింది. అప్పుడు మళ్లీ అన్నీ తగిలించి చూశాడు. అంతకుముందు మొరాయించిన కంప్యూటర్ ఇప్పుడు బుద్ధిగా లేచి కూర్చుంది. నీలం తెర లేదు. జతలో రెండు డిస్కులూ ఒకేలా ఉన్నాయని మాత్రం ఒక మూల చూపించింది. ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాడు, అన్నిట్లోనూ ఆ నిశ్శబ్దమే.

వదినని లేపి వంటింట్లోకి తీసుకెళ్లి నీళ్లిచ్చాడు.

"ఏమైనా మిగిలాయా?"

"లేదు వదినా. నా వల్లే. ఒక్కటీ మిగల్లేదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఎల్లుండి దానికేం చెప్పను?" అని ఒక్కటే అడిగింది. ఇద్దరూ కొళాయి వైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు గదిలోంచి పాప గొంతు వినబడింది. ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతోంది.

నిదానం పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పాప నాన్న కుర్చీలో మోకాళ్ల మీద కూర్చుని, నాన్న మైకు నోటి దగ్గర పెట్టుకుని ఉంది. రికార్డింగ్ అయిపోయింది కాబోలు, మైకు పక్కన పెట్టేసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నాన్నకి చెప్పా. ఇక్కడ చెప్తే అక్కడ కూడా పడుతుందిగా. నాన్నే చెప్పాడు నాకు."

"ఏం చెప్పావు?"

"నీ దగ్గరికి ఎలా రావాలి అని అడిగా."

తెర మీద కొత్త ఫైలు ఒకటుంది. పాప మాట్లాడింది ఒక్క ముక్క, దాని నిడివి కూడా అంతే ఉండాలి. మైకు వైరు ఊడి నేల మీద పడి ఉంది. నిదానం చూస్తుండగానే ఆ నిడివి పెరిగింది. మళ్లీ పెరిగింది. ఆగకుండా, తొందర లేకుండా పెరుగుతోంది.

అతను మౌస్ మీదికి చెయ్యి చాపాడు. చిన్న చల్లటి చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండు బాబాయ్" అంది పాప, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. "ఇంకా చెప్తున్నాడు."