గెర్డా ఆంటీ పెట్టిన ష్పెట్స్లె

"నాన్నా, ఆర్ వీ దేర్ యెట్?" అని సృజన మళ్లీ అడిగేలోపే కారు ఆగింది. స్కూలు సెలవులు కదా, నిన్న సిడ్నీ శివారులోని రౌస్ హిల్‌లో బయల్దేరి, ఈ మధ్యాహ్నానికి టూవూంబా దాటి, పొలాల మధ్య ఉన్న ఒక ఇంటికి చేరారు.

ఆ రాత్రికి వాళ్ల బస అక్కడే. ఇంటావిడ పేరు గెర్డా. ఆవిడ అమ్మానాన్నలు జర్మనీలోని స్వేబియా ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. దారిన వెళ్లేవాళ్లకు గది ఇచ్చి, తమ వైపు వంటలు వండిపెట్టడమంటే ఆవిడకు మహా ఇష్టం.

సృజన బ్యాగులో ఆవకాయ సీసా ఉంది. అది లేనిదే ఈ పదేళ్ల పిల్లకు ముద్ద దిగదు. పిజ్జా మీద ఆవకాయ, పాస్తాలో ఆవకాయ! ఐస్‌క్రీమ్ ఒక్కటే ఇంకా బతికిపోయింది.

గెర్డా ఆంటీ చెక్క పలక మీద జారుగా కలిపిన పిండి పోసుకుని, కత్తితో సన్నగా గీకుతూ మరిగే నీళ్లలోకి జారుస్తోంది.

"దీని పేరు ష్పెట్స్లె, లవ్. మైదా, గుడ్లు, అంతే. మా మమ్ ప్రతి ఆదివారం చేసేది," అంది సృజనతో.

ఉడికిన ముక్కల మీద చీజ్ పరిచి, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు చల్లి అందరికీ వడ్డించింది. సోడా కలిపిన ఆపిల్ రసం గ్లాసుల్లో పోసింది. తను మాత్రం కూర్చోలేదు. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ, ఏమంటారో అని వాళ్ల ముఖాల వంక ఆశగా చూస్తూ నిలబడింది.

సృజన సీసా మూత తీసింది. రెండు స్పూన్ల ఆవకాయ వేసి, ప్లేటంతా ఎర్రగా కలిపేసింది.

ఆంటీ నవ్వు ఆగిపోయింది.

"సారీ లవ్, చప్పగా ఉంటుందేమో," అంటూ ఉప్పు, మిరియాల సీసాలు తెచ్చి పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

"రుచైనా చూడకుండా కలిపేశావేంటే?" అమ్మ మెల్లగా అడిగింది.

"బట్ అమ్మా, ఇట్స్ సో వైట్!"

"పాపకి ఏం ఇష్టం అని నాకు మెసేజ్ పెట్టి మరీ చేసిందే ఆవిడ! అమ్మమ్మ సిడ్నీ వచ్చినప్పుడు పాయసం చేసి నీ మొహం వంకే చూస్తూ కూర్చునేది కదా. అప్పుడు నువ్వు ఇలాగే చేసుంటే?"

అమ్మమ్మ ముఖం గుర్తుకొచ్చేసరికి సృజన స్పూను కింద పెట్టేసింది. పాపం ఆంటీ, ఎంత బాధపడిందో!

"నీ ప్లేటు ఇటివ్వు, నేను తినేస్తాలే," అన్నాడు నాన్న.

సృజన ఖాళీ ప్లేటు ఒకటి తీసుకుని వంటింట్లోకి నడిచింది. ఆంటీ అటు తిరిగి, మిగిలిన ష్పెట్స్లెను డబ్బాలో సర్దుతోంది.

"ఆంటీ, ఐ యామ్ సారీ. నేను అసలు టేస్టే చూడలేదు. ఏమీ కలపకుండా కొంచెం పెడతారా?"

ఆంటీ ఆమె వంక ఒక్క క్షణం చూసి, వేడిచేసి పెట్టింది. సృజన నిలబడే తినసాగింది. చీజ్ దారంలా సాగింది, ఎంతకీ తెగలేదు. ఉల్లిపాయలు కరకరలాడుతూ తియ్యగా ఉన్నాయి.

"నిజం చెప్పాలి మరి. ఎలా ఉంది?" అడిగింది ఆంటీ.

సృజన బాగా ఆలోచించింది.

"కారం లేదు. కానీ ఈ ఉల్లిపాయలు సూపర్, ఆంటీ! ఇంకొంచెం వేస్తారా?"

గెర్డా ఆంటీ పెద్దగా నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మరి మీరు తిన్నారా?" అడిగింది సృజన.

"నేనా? తర్వాత తింటాలే, లవ్."

"తర్వాత కాదు, ఇప్పుడే."

సృజన కుర్చీ లాగి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. ఇంకో ప్లేటు తీసి, తన చేత్తో వడ్డించి ముందు పెట్టింది. ఆంటీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా కదలకుండా పక్కనే నిలబడింది.