వంటింట్లో కన్సల్టెంటు

పొద్దున్నే డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరిచి, స్కూల్ బ్యాగు నమూనా కత్తిరిస్తోంది చెల్లెలు. అన్నయ్య హడావుడిగా గదిలోంచి వచ్చాడు.

"అవన్నీ తీసెయ్యమ్మా. మన కంపెనీ బ్యాగులు అమ్మే షోరూముల మేడమ్ మనింటికే వస్తున్నారట. నువ్వు కాసేపు వంటింట్లో ఉండు."

"ఆవిడొచ్చేది నేను చేసిన బ్యాగు గురించేగా అన్నయ్యా?"

"చెల్లెలు చేసిందంటే మనదేదో ఇంట్లో కుట్టుకునే వ్యవహారం అనుకుంటారు. బయటి కన్సల్టెంటెవరో చేశారని చెప్పా. అలాగే ఉండనీ."

ఆమె కాగితాలు చుట్టుకుని లోపలికి వెళ్లింది. బయటి కంపెనీలు ఆమెను పని ఉన్నప్పుడల్లా పిలిచి, అడిగిన ఫీజిచ్చి, చెప్పింది శ్రద్ధగా వినేవి. సొంత అన్న మాత్రం "మనింటి పిల్లేగా" అంటూ ఉత్తినే చేయించుకునేవాడు. పైగా చుట్టాలడిగితే, "దానికి ఉద్యోగం సద్యోగం ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు.

మేడమ్ వచ్చింది. బ్యాగు పట్టీని రెండు చేతులతో గట్టిగా లాగి చూసింది.

"ఇదివరకు మీ బ్యాగులు నెల తిరక్కుండానే భుజం దగ్గర తెగేవి. ఇప్పుడు ఒక్కటీ వెనక్కి రావట్లేదు. మీ కన్సల్టెంటెవరో గానీ గట్టి మనిషే!"

అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

"జీతానికి పెట్టుకున్నవాళ్లు మనకు నచ్చేదే చెప్తారండీ. బయటివాళ్లకు ఆ మొహమాటం ఉండదు. పది చోట్ల పని చేసిన అనుభవం మనకు కలిసొస్తుంది. పనున్నప్పుడే పిలుస్తాం, ఏడాది పొడుగునా మోయక్కర్లేదు."

ఆ మాట వంటింట్లోకి వినబడుతుందన్న ధ్యాసే లేదు ఆయనకు.

"మాకూ అలాంటివాళ్లే కావాలి. కొలతల సందేహాలన్నీ మెసేజ్‌ల్లోనే తీర్చారు. ఒక్కసారి మాట్లాడతా" అంటూ మేడమ్ ఫోన్ తీసి నొక్కేసింది.

ఆ నంబరు తనే ఇచ్చానని అన్నయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో ఫోను మోగింది. మోగీ మోగగానే ఆగిపోయింది.

"ఒక్క నిమిషమండీ" అని ఆయన లోపలికి పరిగెత్తాడు.

చెల్లెలు ఫోనును గుండెలకు అదిమి పట్టుకుని నిలబడి ఉంది. "కట్ చేశాన్లే. అనుమానం రాదు" అంది గుసగుసగా. అన్నయ్యకు తల కొట్టేసినట్టయింది.

"విన్నావుగా?" అంది పక్కనున్న అమ్మ. "దాని గురించి చెప్పడానికి నీకు నామోషీ. అదేమో నీ పరువు కాపాడుతోంది."

ఆయన చెల్లెలి చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చాడు.

"మీరు మాట్లాడాలన్న కన్సల్టెంటు ఈమేనండీ. మా చెల్లెలు. ఇన్నాళ్లూ చెప్పకుండా దాచాను. తప్పు నాది."

మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. చెల్లెలి వైపు తిరిగి, "కూర్చోండి" అంది. తన ఇంట్లో తన చెల్లెల్ని కూర్చోమన్నది పరాయి మనిషి. అన్నయ్యకు తలెత్తాలనిపించలేదు.

"టీ నేను పెడతాలేమ్మా" అంటూ వంటింట్లోకి నడిచాడు.

హాల్లోంచి చెల్లెలి గొంతు వినిపిస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. "ఈ నమూనా మీకు కావాలంటే ముందు అన్నయ్యనడగాలి. మొదట ఆయన కోసమే చేశాను" అంటోంది.

పొయ్యి మీద టీ పొంగిపోయింది. కళ్లనిండా నీళ్లతో ఆయనకది కనబడలేదు.