పది గంటల రిపోర్ట్

"ఉదయం పది గంటలకు డిపో పేలిపోతుంది," అన్నాడు చీఫ్. "పంప్ రూమ్‌లో టైమర్ బాంబు. పక్క షెడ్‌లో నలభై మంది పనివాళ్ళు. వెతికి తీసెయ్. సరిగ్గా పదికి నేనే కాల్ చేస్తాను."

"సమాచారం ఎవరిది సార్?"

"ముత్యం."

చెవులకు ముత్యాలు, పెదవులకు ఎర్ర లిప్‌స్టిక్, రెండు దేశాలకూ పనిచేసే డబుల్ ఏజెంట్. అటూ ఇటూ తూగే త్రాసును తెలివైనవాడెవడూ నమ్మడు. అయినా ఏజెంట్ నైన్ బేరమాడలేదు.

మూడేళ్ళ క్రితం ఇలాంటి, ఇట్టే అంటుకునే సాల్వెంట్లు నిలవచేసే డిపోలోనే అతని బావమరిది, తోటి ఏజెంటు, కాలిపోయాడు. ఆనాడు కంట్రోల్ రూమ్‌లో ఉన్నది నైనే. ఆనాటి మాటల టేపు అతని చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

"బావా, లోపలికి వెళ్తున్నా. వాసన ఘాటుగా ఉంది."

"లోపల ఏముంది? రిపోర్ట్ ఇవ్వు."

చిన్న 'టిక్'. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ టిక్ టైమర్‌దే అని డిపార్ట్‌మెంట్ తేల్చేసింది.

సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో నైన్ గేటు దాటాడు. గేటులో ఫోన్లు, అగ్గిపెట్టెలు తీసుకున్నారు. జేబులో పెన్నులా మెరుస్తున్న, చీఫ్ కాల్ వచ్చే ట్రాన్స్‌మిటర్‌ను ఎవరూ అడగలేదు.

పంప్ రూమ్ నేలకన్నా ఆరు మెట్లు కింద ఉంది. తియ్యటి ఘాటు వాసన. మూల మూలా వెతికాడు. బాంబు లేదు. తొమ్మిది యాభై ఏడు. చేయి లైటు స్విచ్ మీదికి వెళ్ళింది.

"ముట్టుకోకు!"

మెట్ల మీద ముసలి ఫోర్‌మన్. చేతిలో ఇత్తడి పానా.

"నేను ఇన్‌స్పెక్టర్ని."

"బూటు మడమకి మేకులు కొట్టించుకున్న ఇన్‌స్పెక్టరా? నా సర్వీసులో చూళ్ళేదు నాయనా. కదలకు. వాల్వ్ ఎవరో వదులు చేశారు. ఈ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు. మనిద్దరం మెడదాకా మునిగున్నాం."

"బాంబు ఎక్కడ?"

"బాంబెందుకు? ఒక్క నిప్పురవ్వ చాలు. స్విచ్ నుంచి రావచ్చు, నీ మేకు నుంచి రావచ్చు."

నైన్ చేయి జేబు మీద పడింది. "పదికి ఇది మోగుతుంది."

"మోగినా రవ్వే. ఆపినా రవ్వే. బటన్ అన్నాక లోపల చిటుక్కుమనదూ?"

చిటుక్కు. టిక్.

నైన్‌కు ఆ టేపు మళ్ళీ వినిపించింది. అది టైమర్ కాదు. జవాబు చెప్పడానికి బావమరిది నొక్కిన బటన్. నొక్కమన్నది తనే. శత్రువుకు బాంబు ఖర్చు కూడా లేదు. వాల్వ్ వదులు చేసి, పదికి పేలుతుందని కబురంపి ఊరుకుంటాడు, నిప్పు డిపార్ట్‌మెంటే జేబులో పెట్టి పంపుతుంది.

"బూట్లు విప్పు. మెల్లగా. పైకెళ్ళాక పరుగెత్తు, గాలికి ఎదురుగా," అంటూ ఫోర్‌మన్ పానాతో వాల్వ్ మీద వంగాడు. "నావాళ్ళు నలభై మంది నాయనా. పడిపోకు."

నైన్ వట్టి కాళ్ళతో మెట్లెక్కాడు. కంకర అరికాళ్ళను కోసింది. డ్రమ్ముల వరస దాటాడు. గేటు దాటాడు. వెనక ఎవరో "బావా" అన్నట్టనిపించింది. తిరిగి చూడలేదు.

రోడ్డుకు అవతల నల్ల కారు. లోపల ముత్యం, రెండు చెవులూ మూసుకుని వాచీ చూసుకుంటోంది.

సరిగ్గా పది. జేబు గుర్రుమంది.

డిపో కదల్లేదు. షెడ్‌లో ఎవడో దేనికో పగలబడి నవ్వుతున్నాడు.

ముత్యం కళ్ళెత్తేసరికి కిటికీలో పిస్టల్ కనిపించింది.

"నువ్వు... లోపల ఉండాలి కదా!" అంది.

"మీ లెక్క అదే. దిగండి మేడమ్. మోసం చేసినా టైముకు వచ్చారు, సంతోషం."

పిస్టల్ అలాగే పట్టుకుని రెండో చేత్తో బటన్ నొక్కాడు. టిక్.

"నైన్! రిపోర్ట్ ఇవ్వు. టైమర్ దొరికిందా?"

"దొరికింది సార్. ఇవాళ మీ కాల్. పోయినసారి నాది."